భుజం తట్టే అవ్వ

మా రామన్నపేట భజన బృందంలో గొర్రెలు కాసే ఒక అవ్వ ఉండేది. రేయింబవళ్లు ఆగని ఏకాహంలో ఎవరైనా అలసిపోతే, భుజం తట్టి తాళాలు అందుకునేది. నామం తెగనిచ్చేది కాదు.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ ముందు ఆ అవ్వే అడ్డం తిరిగింది.

“మత్తుల పానం పోతే రామనామం ఎవరంటరు? నాకు మత్తు సూది వద్దు.”

“అది లేకుండ కొయ్యరాదవ్వా. కొయ్యకుంటే రోగం పాకుతది,” అంది డాక్టరమ్మ.

తోడుగా వచ్చిన నేను అవ్వ భుజం తట్టాను. “అలసినవవ్వా. జరసేపు నామం నాకియ్యి.”

“నీది మేక గొంతు,” అంటూనే సూదికి చేయి చాచింది.

దవాఖాన వరండాలో మనసులోనే నామం పట్టాను. స్వామి దయ, సాయంత్రానికి అవ్వ కళ్లు తెరిచింది.

“తెగిందా బిడ్డా?”

“తెగలేదవ్వా.”

నా భుజం తట్టింది. రామనామంతో ఆమె పెదవులు కదిలాయి.