బాపు చీర కట్టిన దసరా

మొన్న ఆదిభట్ల నుంచి ఆటోలో వస్తూ, ఇబ్రహీంపట్నంలో మా పాత కమ్యూనిటీ హాలు గోడలను యంత్రంతో కూలుస్తుంటే చూసి, ఆటో ఆపించి కాసేపు అక్కడే నిలబడిపోయాను. నా పెళ్లి కుదిరింది ఆ హాల్లోనే అంటే, పోదామా అన్నట్టు చూస్తున్న ఆ డ్రైవరు నమ్ముతాడా?

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇంటింటికీ టీవీలు రాని ఆ రోజుల్లో దసరా సెలవులు వచ్చాయంటే ఊళ్లోని ఉద్యోగస్తులూ దుకాణాల వాళ్లూ కలిసి ఒక నవ్వుల నాటకం వేసేవారు. మేం బాపు అని పిలిచే మా నాన్న గుమాస్తా. ఇంట్లో నోరు విప్పని ఆ మనిషి ముఖానికి రంగు పడితే చాలు, వేరే మనిషైపోయేవాడు. ఆ ఏడు ఆడవేషం కట్టాల్సినాయనకు జ్వరం రావడంతో, బాపు పొద్దున్నే మీసం తీసేసి, అమ్మ పట్టుచీర సంచిలో పెట్టుకుని పోయాడు. పండక్కి వచ్చిన చుట్టాలను బువ్వ పెట్టకుండా ఎట్లా సాగనంపాలా అని ఉపాయాలు పన్నే పిసినారి ఇల్లాలి వేషం అది.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే, నన్ను చూడటానికి పండుగ వెళ్లాక వస్తామన్న పిల్లవాడి తరఫు వాళ్లు, తుక్కుగూడలో చుట్టాలింటికి వచ్చి, ఇంత దూరం వచ్చాం కదా అని మా వాకిట్లో దిగారు. అంతకు ముందు నాకు వచ్చిన సంబంధం ఒకటి, బాపు నాటకాలాడే మనిషని తెలిసి తప్పిపోయింది. అందుకని అమ్మ, ఆయన పని మీద పోయాడని చెప్పి, చాయ ఇచ్చి, వంట ముగించింది. పిల్లవాడి తల్లి, తరవాత నాకు అత్తమ్మ అయిన ఆమె, నవ్వెరుగని గట్టి మనిషి. ఇంటాయన వచ్చాకే తింటామన్నది. వీధంతా హాలు వైపు పోవడం చూసి, అప్పటిదాకా మనమూ పోయి కూర్చుందామని లేచింది. కాదనడానికి అమ్మకు నోరు రాలేదు.

ముందు వరుసలోనే చోటు దొరికింది. బాపు కొంగు దోపుకుని వచ్చి, వేదిక మీది చుట్టాలను "బస్సు పోతది, జర జల్ది పోండ్రి" అని తరుముతూ ఇటు తిరిగాడు. అంతకు ముందే పిల్లవాడి ఇంటికి ఒకసారి పోయి వచ్చినవాడు కనుక వాళ్లను చూడగానే గుర్తుపట్టాడు. మాట ఆగిపోయింది. అమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది.

బాపు కొంగు సర్దుకుని ముందుకు వచ్చి, ఆ ఆడగొంతుతోనే, "నేను పొమ్మన్నది గాళ్లను. మీరు పోవద్దు వదినె. ఇంట్ల బువ్వ తయారున్నది, తినే పోవాలె" అన్నాడు.

జనం అదీ నాటకమే అనుకుని విరగబడి నవ్వారు. ఆమె నవ్వలేదు. అమ్మ వైపు వంగి, "గీమె మీ ఇంటాయననా?" అని అడిగింది.

"అవ్" అన్నది అమ్మ, తల ఎత్తకుండా.

ఆమె భుజాలు కదలడం చూసి, కోపమేమో అనుకున్నాను. చూస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వుతోంది. అమ్మ నా చేయి వదిలింది.

భోజనాల దగ్గర, మీసం లేని మూతి ఎక్కడ దాచుకోవాలో తెలియక తల వంచుకున్న బాపుతో, "మంది నవ్వాల్నని మీసం తీసేసుకున్నవ్ అన్నా. మా ఇంట్ల నవ్వు తక్కువ. నీ బిడ్డన్నా తెస్తదేమో, మాకియ్యి" అన్నదామె. బాపు అన్నం కలపడం ఆపి తల ఎత్తి, సరేనన్నట్టు ఊపాడు. 

ఇప్పుడు బాపు లేడు, అత్తమ్మా లేదు. ఈ కాలం సంబంధాల్లో ఇరువైపుల వాళ్లూ ఫోన్లలో ఏరి పంపిన ఫొటోల లాగే, తమలోని మంచిని మాత్రమే ఏరి చూపించుకుంటారు. తప్పనను, అదీ ఒక భయమే. మాకు దాచుకునే వీలే దొరకలేదు. మేమేమిటో వాళ్లు ఎదురుగా కూర్చుని చూసేశారు. చూసి కూడా నన్ను కావాలన్నారన్న ధైర్యంతోనే ఆ ఇంట్లో ఇన్నేళ్లూ తేలిగ్గా బతికాను. ఆ నిశ్చింత ఇప్పటి పిల్లలకు ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు.