నూనె తాగిన నాడె

బడి నన్ను ఏడో తరగతిల ఇడిసిపెట్టింది. నేనే దాన్ని ఇడిసిన అని ఇంట్ల చెప్పుకుంట. అప్పటిసంది కోరుట్లల లేతు మిషినే నా బడి. పొద్దంత ట్రాక్టర్ల బుష్షులు తీసుడు, పొద్దూకంగ కట్టె పెన్నులు తీసుడు. రిటైరయ్యే సార్లకు ఇయ్యనీకి జనం చేయించుకపోతరు. రాసుడు సరిగ రానోడు రాసేటోళ్లకు పెన్నులు చేస్తుండు, నవ్వే ముచ్చటే. గని ఈ మధ్య నవ్వే ఓపిక కూడ ఉంటలేదు. నిలబడి నిలబడి నడుము కట్టె లెక్కనే అయ్యింది.

పోయిన చలికాలం సిరిసిల్ల నుంచి మా బావ అచ్చిండు. అక్క మొగడు, ముప్పై ఏండ్లు సాంచెల మీద బట్ట నేసినోడు. వానకాలంల పక్షవాతం అచ్చి కుడిచెయ్యి సగం పోయింది. వేళ్లు వంగుతయి గని బిగుసుకోవు. సంచిలకెల్లి ఒక పాత నాడె తీసి లేతు మీద పెట్టిండు. సాంచె మీద నూలు మోసుకుంట అటూ ఇటూ ఉరికిన నాడె. సాంచెను తుక్కు కింద అమ్మినా దీన్ని మాత్రం దాసుకున్నడట.

“బామ్మర్దీ, దీంతోని నాకో పెన్ను చెయ్యి. సోమవారం జగిత్యాలల బిడ్డ పెండ్లి రిజిస్ట్రేషను. సాక్షి సంతకం నేనే పెడ్త.”

“వేలు ముద్ర ఏస్తే పోదా బావా? ఏలు గూడ నీదేనాయె.”

“పిల్ల తనకు నచ్చినోన్ని చేసుకున్నది. ఆర్నెల్లు దాంతోని మాట్లాడకపోతిని. ఇప్పుడు ముద్ర ఏస్తే ఎవరో చెయ్యి పట్టి ఏయించిన్రంటది లోకం. సంతకమైతే నేను ఒప్పుకొని పెట్టినట్టు.”

నేను నాడె అందుకొని ఒక కొన కోసిన.

పెన్ను కిట్టు అంటే ఏం లేదు. రెండు సన్న ఇత్తడి గొట్టాలు, నడుమ ఉంగరం, తిప్పితే రీఫిల్లు బయటికచ్చే మర, ముందట మొన, ఎనుక క్లిప్పు. కట్టెకు బెజ్జం చేసి గొట్టాన్ని గమ్ముతోని అంటించి, లేతు మీద సన్నగ చెక్కాలె. గీ సన్నదనమే మా బావకు పగ. మర తిప్పాలంటే రెండు చేతులు గావాలె. అందుకే ఉంగరం తీసేసిన, మర తీసేసిన. ఒక్కటే గొట్టం, పొట్టి రీఫిల్లు, ఎప్పుడూ బయటనే ఉండేటట్టు. కట్టెను మక్క బెండంత లావు ఉంచిన. కిట్టు మొన దానికి ఏనుగుకు ఎలుక మూతి పెట్టినట్టున్నది. పాత నల్లా ముక్కతోని ఇత్తడి కట్టు తీసి నడుమ కలిపిన.

శుక్రవారం నాడు బావ ముందట కాయితం పెట్టిన. రెండక్షరాలు రాసిండు. మూడోది రాస్తుంటే కట్టె పిడికిట్లనే ఉన్నది, గొట్టం, మొన, రీఫిల్లు అన్నీ జారి కింద పడ్డయి.

నేను గమ్మును తిట్టిన, అమ్మినోన్ని తిట్టిన. బావ అంత విని అన్నడు: “నెల దినాలు అవిసె నూనెల నానబెట్టిన నాడె అది. నూనె తాగిన కట్టెకు గమ్ము అంటుతదా?”

“గీ మాట ముందుగాల చెప్పద్దా?”

“నువ్వు అన్నీ తెలిసినోనివి గదా. లేతోనికి నేతోడు చెప్తడా అని ఊకున్న.”

బామ్మర్దిని ఆట పట్టియ్యాలంటే మా బావకు పక్షవాతం కూడ అడ్డం రాదు. గని నవ్వినంక చేతిల కట్టె దిక్కు చూసి ఆయన మొకం చిన్నబోయింది. నాడె నడుమంత బోలు, గట్టి కట్టె రెండు కొనలకే ఉంటది. ఒక కొన పాడైంది. మిగిలింది ఒక్కటే.

ఆదివారమంత దాని మీదనే ఉన్న. గమ్ము జోలికి పోలే. కిట్టు గొట్టం పలుచన, పక్కకు పడేసిన. ఇత్తడి కడ్డీతోని మందం గొట్టం తీసి, రెండు దిక్కుల మర కోసి, బోల్టుకు నట్టు బిగించినట్టు కట్టెను నడుమ బిగించిన. ఆఖరికి కిట్టుల మిగిలింది మొన ఒక్కటే. లేతు బంద్ చేసినంక లేవబోతే మోకాళ్లు లేవలే. బావనే ఎడమ చెయ్యి ఇచ్చిండు.

సోమవారం జగిత్యాల ఆఫీసుల క్లర్కు బావ చెయ్యి చూసి ఇంకు ప్యాడు ముందటికి జరిపిండు. బావ దాన్ని ఎనుకకు జరిపిండు. ఎనుక లైను ఆలస్యమైతుందని గునుసుతున్నది. పెండ్లిపిల్ల, నా మేనకోడలు, తండ్రి దిక్కు చూడలేక గోడ దిక్కు చూస్తున్నది. పిడికిట్ల పెన్ను పట్టి ఒక్కొక్క అక్షరం రాసిండు, తెగిన పోగులు అతికినట్టు. ఆఖరి అక్షరం గీత దాటింది గని, పేరు మొత్తం పడ్డది. మేనకోడలు అచ్చి ఆ చేతినే పట్టుకున్నది.

రెండో సాక్షిని నేను. జేబు చూసుకుంటే పెన్ను లేదు. బావ పెన్ను తీసుకున్న. అంత లావు పెన్ను నా మంచి చేతిల నిలుస్తలేదు, నా సంతకం ఆయనదానికన్న అన్యాలంగ అచ్చింది. బావ వంగి కాయితం చూసిండు, నన్ను చూసిండు, ఇంకు ప్యాడును మెల్లగ నా దిక్కు నూకిండు.