ఆ మాట మా ఆయనదా, నా జబ్బుదా

ఒక రోజు పొద్దుటి రైలుకి మా ఆయన రేపల్లె వెళ్లిపోయారు. అక్కడ ఎరువుల కొట్టులో పని. నేను తెనాలిలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పదకొండు గంటలప్పుడు పెరటి వైపు నుంచి ఆయన గొంతు వినబడింది. "చేతకాని కుట్టు. ఆపెయ్." నాకు ఒళ్లు మండింది. "చేతకాకపోతే ఇంతమంది నా దగ్గరికి ఎందుకొస్తారు?" అంటూ చేతిలో కత్తెరతోనే పెరట్లోకి వెళ్లాను. ఎవరూ లేరు. సాయంత్రం ఆయన రాగానే దులిపేశాను.

"రేపల్లెలో ఉన్నవాణ్ణి పెరట్లోంచి ఎలా తిడతానే?" అని ఆయన బిత్తరపోయారు.

అప్పట్నుంచి ఆ గొంతు రోజూ వచ్చేది. గుడ్డ కత్తిరిస్తే వంక, హుక్కు కుడితే వంక. అన్నం తినబోతే "అందులో ఏదో కలిపారు" అనేది. బాపట్లలో మా అమ్మ దగ్గరికి పోతే తప్పించుకుంటాననుకున్నాను. బస్సు దిగీ దిగకముందే ఆ గొంతు "వచ్చావా?" అంది. బయటి గొంతయితే తలుపేసుకోవచ్చు. లోపలిదయితే ఎక్కడికి పోను? అమ్మ ఒళ్లో పడి ఏడ్చాను.

తెనాలిలో మానసిక జబ్బులు చూసే డాక్టరమ్మగారి దగ్గరికి వెళితే, ఆవిడ అన్నీ అడిగి, రక్తపరీక్షలు, ఎం.ఆర్.ఐ. చేయించారు. అన్నీ నార్మల్. జబ్బు పేరు మాత్రం స్కిజోఫ్రీనియా అన్నారు.

"స్కాన్ బాగుంటే మరి ఈ గొంతేంటండీ?" అని గట్టిగానే అడిగాను.

"మనసులో మాట అనుకున్నప్పుడు, మెదడులో మాట తయారుచేసే చోటు నుంచి వినే చోటుకి 'ఇది మనదే' అని కబురు వెళ్లాలమ్మా. ఆ కనెక్టివిటీలో తేడా ఉంటే మీ మాటే మీకు బయటివాళ్ల మాటలా వినబడుతుందని ఒక అంచనా. మామూలు స్కాన్‌లో అది కనబడదు."

అంటే నన్ను తిట్టేది నేనేనా! నామీద నాకే అసహ్యం వేసింది.

టాబ్లెట్లతో రెండు నెలలకి గొంతు పలచబడింది. ఒక ఆదివారం మిషన్‌కి దారం మారుస్తుంటే వరండాలోంచి, "నీతో వేగలేను. మీ అమ్మగారింటికి పో" అని వినబడింది. గబగబా వెళ్లి, "ఏమండీ, ఆ మాట మీరేనా అన్నది?" అని అడిగాను.

ఆయన పేపరు దించకుండా, "నేనేం అనలేదు. నీ జబ్బు అనుంటుంది" అన్నారు.

నమ్మాను. నా చెవుల్ని నమ్మకూడదని నేర్చుకున్నదాన్ని కదా. గొంతు మళ్లీ వచ్చిందని చెప్తే డాక్టరమ్మ డోసు పెంచారు. ఇక చూసుకోండి, పొద్దస్తమానం నిద్రే. చేతులు వణికి సూదిలోకి దారం ఎక్కేది కాదు. ఒప్పుకున్న గుడ్డలన్నీ వెనక్కి ఇచ్చేశాను. వీధిలో ఎవరు పలకరించినా ముందు వాళ్ల పెదాలు చూసేదాన్ని. అవి కదిలితేనే జవాబు.

తర్వాతి చెకప్‌లో డాక్టరమ్మ నా చేతులు చూసి, "గొంతు ఇంకా ఏమంటోంది?" అన్నారు.

"ఏమీ అనట్లేదండి. పుట్టింటికి పొమ్మన్న మాటే చివరిది."

పక్కనున్న మా ఆయన తల వంచుకున్నారు. "అది... నేనే అన్నానండి. విసుగులో నోరు జారాను. గొడవెందుకని జబ్బు మీదకి నెట్టేశాను."

ముందు నాకు కోపం కూడా రాలేదు. "అయితే నాకు సరిగ్గానే వినబడిందా?" అన్నాను. కోపం తర్వాత వచ్చింది లెండి. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

డాక్టరమ్మ డోసు మెల్లగా తగ్గించారు. వణుకు పోయింది. టాబ్లెట్లు మానకుండా వేసుకుంటూ మళ్లీ కుడుతున్నాను. గొంతు పూర్తిగా పోలేదు, అప్పుడప్పుడు పెరట్లోంచి గొణుగుతుంది. అందుకని ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. నాతో ఏం చెప్పాలన్నా ఆయన ఎదురుగా వచ్చి, మిషన్ చక్రం మీద చెయ్యి వేసి, ఆపి చెప్పాలి. మొన్న అలాగే ఆపి, "పప్పులో ఉప్పెక్కువైందే. ఇది నేనే అంటున్నా" అన్నారు. ఆ వంక విని ఎంత హాయిగా ఉందో!

మీ ఇంట్లో గొంతులు వినేవాళ్లుంటే మీకు ఒక్క మాట చెప్తాను. కసురుకున్నా, తిట్టినా, ఎదురుగా వచ్చి, అన్నది మీరేనని ఒప్పుకోండి.