గేజి కిలోల్లో ఉందండి

నాకు దేవుడి మీదే అంతంతమాత్రం నమ్మకం. ఇక దయ్యాల సంగతి చెప్పేదేముంది? గేజి ఏం చూపిస్తే అది రాసుకునే ఉద్యోగం నాది. ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం జనం నవ్వుతారని కాదు. ఇది చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పాలి. అందుకని.

బెంజ్ సర్కిల్ దగ్గర్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను మెయింటెనెన్స్ ఇంజనీర్ని. ఆక్సిజన్ గదిని చూసుకునేది ప్రకాశరావు గారు. కంకిపాడు నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. ఐటీఐ చదివారు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. అయినా నేను ఆయన్ని ఉత్త పేరు పెట్టే పిలిచేవాణ్ణి.

ట్యాంకులో ఉండేది ద్రవ ఆక్సిజన్. రోగికి అందేది వాయువు, మేం గాలి అంటాం. ట్యాంకులో ఉన్నది ఎంత గాలి అవుతుందో లెక్క కట్టి, గంటకి అయ్యే వాడకంతో భాగిస్తే, ఎన్ని గంటలు వస్తుందో తేలుతుంది. ఒక లీటరు ద్రవం సుమారు ఎనిమిది వందల అరవై లీటర్ల గాలి అవుతుంది. అదే ఒక కిలో ద్రవమైతే ఏడు వందల యాభై దాకానే వస్తుంది. లీటరు ద్రవం కిలో కంటే ఎక్కువ బరువుంటుంది కాబట్టి ఆ తేడా.

కరోనా రెండో వేవ్‌కి ముందు పాత గేజి పాడైతే కొత్తది బిగించారు. పాతది లీటర్లు చూపించేది. కొత్తది కిలోలు చూపిస్తుంది. ప్రకాశరావు గారు నా గదికి వచ్చి, లెక్క మారిందనీ, ఒకసారి చూసుకోమనీ చెప్పారు. నా ఎదురుగా ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. ఇంజనీరింగ్ చదివినవాడికి ఐటీఐ వాళ్లు లెక్కలు నేర్పక్కర్లేదన్నాను. వాళ్లు నవ్వారు. ఆయన వెళ్లిపోయారు.

మే నెలలో ఆయనకే జబ్బు చేసింది. మా ఆసుపత్రిలోనే రెండో అంతస్తులో చేర్చాం. అప్పటినుంచి లెక్క నేను కట్టడం మొదలుపెట్టాను.

ఒక రోజు పొద్దున ఆరింటికి గేజి నాలుగు వందల ఇరవై చూపించింది. నేను అలవాటు ప్రకారం ఎనిమిది వందల అరవైతో గుణించాను. గంటకి ఇరవై ఏడు వేల లీటర్ల వాడకం. సాయంత్రం ఏడు దాటేదాకా వస్తుందని తేలింది. ట్యాంకు నింపే ట్యాంకరు ఆరున్నరకల్లా వస్తుందన్నారు. సూపరింటెండెంట్ మేడమ్‌కి అదే చెప్పాను. ఆవిడ అప్పటికి రెండు రోజులుగా ఇంటికి వెళ్లలేదు. నా మాట నమ్మి, అత్యవసరానికని దాచిన ఇరవై పెద్ద సిలిండర్లని గవర్నర్‌పేటలో ఆక్సిజన్ లేక అల్లాడుతున్న ఒక నర్సింగ్ హోముకి ఇప్పించారు.

మధ్యాహ్నం ఒంటిగంటంపావు. నేనూ ఎలక్ట్రీషియన్ ఖాజా ఆక్సిజన్ గదిలో కూర్చుని అన్నం తింటున్నాం. ఇంటర్‌కమ్ మోగింది. ఖాజాయే ఎత్తాడు. ఒక క్షణం విని, నా వైపు చాపాడు.

"మీకే సార్. ప్రకాశరావు గారు."

చెవి దగ్గర పెట్టుకున్నాను. ఆయన గొంతే. అందులో ఆయాసం లేదు. రోజూ మాట్లాడినట్టే ఉంది.

"సార్, గేజి కిలోల్లో ఉందండి. మీరు లీటర్లకి కట్టేశారు."

అంతే. లైను పోయింది.

నాకు ముందు వచ్చింది భయం కాదు, కోపం. మంచం మీద ఉండి కూడా నా తప్పులు వెతుకుతున్నాడనుకున్నాను. ఏమన్నారని ఖాజా అడిగితే, ఏదో కులాసాగా చేశాడని చెప్పాను. అన్నం తినేశాను. చెయ్యి కడుక్కున్నాను. జనరేటర్ దగ్గరికి వెళ్లాను. ట్యాంకు పక్కనుంచే వెళ్లాను గానీ, గేజి వైపు చూడలేదు. కావాలనే చూడలేదు. అది నాకు బాగా గుర్తుంది.

రెండింటికి గాని చూడలేదు. గేజి ముఖం మీద, అంకెల కింద, కిలోలని స్పష్టంగా ఉంది.

అక్కడే నిలబడి మళ్లీ కట్టాను. సాయంత్రం ఐదూ నలభై దాకానే. ట్యాంకరు చెప్పిన టైముకే వచ్చినా దాదాపు గంట గాలి లేదు. ఆ రోజు ఆక్సిజన్ మీద ఎనభై మందికి పైగా ఉన్నారు.

పరిగెత్తుకుంటూ వెళ్లి మేడమ్‌కి చెప్పాను. ఎందుకో అనుమానం వచ్చి మళ్లీ సరిచూశానని, వాడకం పెరిగినట్టుందని అన్నాను. లెక్క తప్పానని అనలేదు. ఆవిడ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. వెంటనే నర్సింగ్ హోముకి ఫోన్ చేసి, ఇచ్చినవి తిరిగి పంపమన్నారు.

నేనే ట్రాలీ ఆటో వేసుకుని గవర్నర్‌పేట వెళ్లాను. అప్పటికి ఎనిమిది సిలిండర్లు వాడేశారు. మిగతా పన్నెండు ఎక్కిస్తుంటే అక్కడి డాక్టరు, కుర్రవాడు, చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఇంకో గంట ముందు చెప్పి ఉంటే ఉయ్యూరు నుంచి వేరేవి తెప్పించుకునేవాళ్లమని మాత్రం అన్నాడు. వాళ్లు ఒక పెద్దాయన్ని అంబులెన్సులో వేరే ఆసుపత్రికి పంపాల్సివచ్చింది. స్ట్రెచర్ పక్కన ఆయన కూతురు కాబోలు, చెప్పుల్లేకుండా నడుస్తోంది. ఆయన పేరేమిటో నేను అడగలేదు. తర్వాత ఏమయ్యారో కూడా కనుక్కోలేదు.

ఐదుంపావుకి సిలిండర్లు బిగించాం. ఐదున్నరకి ట్యాంకు ప్రెషర్ పడిపోయింది. ట్యాంకరు ఏడింటికి వచ్చింది. మా ఆసుపత్రిలో ఎవరికీ గాలి ఆగలేదు.

అప్పుడు గాని నాకు ప్రకాశరావు గారు గుర్తుకురాలేదు. రెండో అంతస్తుకి వెళ్లాను. ఆయన మంచం ఖాళీ. సిస్టర్ విజయ ఐసీయూలోకి మార్చామని చెప్పింది. పొద్దున పదిన్నరకే నోట్లో గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టారట. అప్పటినుంచీ మత్తులోనే ఉన్నారట.

మధ్యాహ్నం ఆయన తరఫున ఎవరైనా నాకు ఫోన్ చేశారా అని అడిగాను. లేదంది. ఐసీయూలో ఉన్నది ఒకటే ఫోను, సిస్టర్ల బల్ల మీద. ఒంటిగంట నుంచి రెండు దాకా ఆ బల్ల దగ్గర ఆవిడే ఉంది. అద్దంలోంచి చూశాను. గొట్టానికి తెల్ల ప్లాస్టర్ వేసి ఉంది. చేతులు మంచానికి వదులుగా కట్టి ఉన్నాయి.

నా తప్పు నాకే లోలోపల తెలిసి, అదే ఆయన గొంతులో వినిపించిందేమోనని అనుకోవచ్చు. చాలా రోజులు అలాగే అనుకున్నాను. కానీ ఫోన్ ఎత్తింది ఖాజా. పేరు చెప్పింది ఖాజా. ఇప్పటికి నాలుగైదుసార్లు అడిగాను. ఆయన గొంతు నాకు తెలియదా సార్ అంటాడు.

ఆ నెలాఖరున నాకు శాలువా కప్పారు. సమయానికి ప్రమాదం పసిగట్టానని మేడమ్ అందరి ముందూ చెప్పారు. నేను తల వంచుకున్నాను. అందరూ వినయమనుకున్నారు.

ప్రకాశరావు గారు బతికారు. రెండు నెలల తర్వాత సగం మనిషై డ్యూటీకి వచ్చారు. ఆయన్ని ఆక్సిజన్ గది మెట్ల మీద కూర్చోబెట్టి, మొదటిసారి మొత్తం చెప్పాను. ఫోను, నా కోపం, ఆ ముప్పావుగంట, గవర్నర్‌పేట పెద్దాయన, అన్నీ. మత్తులో కలగానీ, మాటగానీ ఏమైనా గుర్తుందా అని అడిగాను.

"ఏం గుర్తులేదండి," అన్నారు. తర్వాత మెల్లగా, "మేడమ్ గారికి చెప్పారాండి?" అన్నారు.

"ఫోన్ సంగతా?"

"కాదండి. లెక్క తప్పిన సంగతి."

తల అడ్డంగా ఊపాను. ఆయన గోడ పట్టుకుని లేచి ట్యాంకు దగ్గరికి వెళ్లారు.

ఆ సాయంత్రమే మేడమ్ గదికి వెళ్లి చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, ఆ రోజు మీరు చెప్పిన అంకె మీదే కదా వాళ్లకి సిలిండర్లు ఇచ్చాను, మళ్లీ లాక్కున్నాను అన్నారు. తిట్టలేదు. కాగితం మీద రాసివ్వమన్నారు. రాసిచ్చాను. నా మీద చర్య తీసుకున్నారు, అది న్యాయమే. ఉద్యోగం మాత్రం ఉంది.

నర్సింగ్ హోముకి కూడా వెళ్లాను. ఆ డాక్టరు మానేశాడట. ఆ పెద్దాయన ఎవరో అక్కడ ఎవరికీ తెలియదు.

ఆ మధ్యాహ్నం ఫోన్ చేసిందెవరో నాకు ఇవాళ్టికీ తెలియదు. తెలిసినట్టు నటించను. కానీ తలుచుకున్నప్పుడు నాకు ఒళ్లు జలదరించేది దానికి కాదు. అంత స్పష్టంగా చెప్పినా, నేను కూర్చుని అన్నం తిన్నాను.