ఇరవై మీటర్ల మీద నా రాయి

ఆ మధ్య పోస్టులో ఒక సన్నపు పుస్తకం వచ్చింది. రేడియో సరదా ఉన్నవాళ్ళ సంఘం ఏదో అచ్చువేసింది. ఏ తరంగం ఎవరికి, ఏ మీటర్ల నుంచి ఏ మీటర్ల దాకా ఎవరు మాట్లాడుకోవాలి అన్నది రంగురంగుల గళ్ళలో చక్కగా చూపించారు. చివరి పేజీలో, మన ప్రాంతంలో ఇరవై మీటర్ల తరంగాన్ని మొదట వాడిన ఘనత మా బావదని రాశారు. కళ్ళజోడు తుడుచుకుని రెండోసారి చదివాను. మా బావదే. కాఫీ చల్లారిపోయింది. తాగలేదు.

1920ల నడుమ నేను అరకు లోయలో కలప డిపో గుమస్తాని. గడ్డి కప్పిన గది, పొద్దెక్కినా వదలని మంచు, పక్కన జీలుగు చెట్టు. ఆ చెట్టుకి కట్టిన రాగితీగే నా ఏరియల్. కల్లు గీసేవాడు ఎక్కినప్పుడల్లా తీగ తెగేది, దిగాక వాడే ముడేసి, ఆ ముడికి కూలీగా ఒక బీడీ అడిగేవాడు. రేడియో సెట్టులో రాగితీగ చుట్టడానికి వెదురు బొంగు వాడాను. మంచుకి వెదురు ఉబ్బితే నా తరంగం పక్కకి జరిగేది, అందుకని పొద్దున్నే కుంపటి మీద బొంగుని కాచి గాని, చుక్కలూ గీతలుగా మాట పంపే మీట ముట్టుకునేవాణ్ణి కాదు. బ్యాటరీలు అయిపోతే కావిడి మీద ఘాటీ దింపి, విశాఖపట్నం దాకా తీసుకెళ్ళి ఛార్జి పెట్టించుకోవాలి.

అలా వెళ్ళిన ఒక రోజునే పంపకం జరిగింది. అప్పట్లో మా చుట్టుపట్ల సెట్లు మూడే: మా అక్క మొగుడైన బావది, కాఫీ తోట దొరది, నాది. ముగ్గురం ఒకేసారి మీట నొక్కితే ఒకరి మాట ఒకరికి చేరదు. అందుకని బావ, దొర కలిసి విశాఖపట్నంలో బావగారి మేడ మీద ఉప్మా తింటూ తరంగాలు పంచుకున్నారు. నేను నాలుగు వీధుల అవతలే ఉన్నానని మా అక్కకి తెలుసు, బావకీ తెలుసు. పిలవలేదు. వారం తరవాత కొండమీదికి ఉత్తరం వచ్చింది. పొడుగు తరంగాలు, సాయంత్రం వేళలు వాళ్ళవి. ఇరవై మీటర్లు, మధ్యాహ్నం వేళ నాది. ఆ పొట్టి తరంగం ఎందుకూ పనికిరాదని ఆ రోజుల్లో అందరి నమ్మకం. పెళ్ళిలో చివరి బంతికి గిన్నె అడుగు గీకి వడ్డించినట్టు వడ్డించారు.

సరేనని దాని మీదే కూర్చున్నాను. పదిహేను రోజుల తరవాత బావ కార్డు: "నీ సెట్టు చచ్చింది. ఇక్కడ ఒక్క చుక్కా వినబడలేదు." నిజమే, బావకి వినబడలేదు. ఆ తరంగం దగ్గరివాళ్ళని దాటుకుని పైనుంచి పోయి దూరాన దిగుతుందని మాకప్పుడు తెలియదు. మధ్యాహ్నం రెండు గంటలకి నాకు జవాబిచ్చింది రంగూన్ నుంచి. ఓడల కంపెనీలో పనిచేసే మన శ్రీకాకుళం వైపు మనిషే. తరవాత కార్డు కూడా రాశాడు. దాన్ని బావకి పంపి చూపించాను. అదీ నేను చేసిన తప్పు.

వెంటనే రెండో పంపకం తయారు. ఇరవై మీటర్లు బావకి, దొరకి. నన్ను అయిదు మీటర్లకి దిగమన్నారు. నేను జవాబు రాయలేదు. బావే రంగూన్ కార్డూ, కొత్త పంపకం కాగితమూ పట్టుకుని గుర్రమెక్కి ఘాటీ ఎక్కి వచ్చాడు, సంత రోజున.

"ఏంట్రా, ఇరవై మీటర్లు నీ తాత ఆస్తా?"

"మా తాతది కాదు బావా. మీరు పారేసింది."

ఆయన్ని సంతకి తీసుకెళ్ళాను, కోపం చల్లారుతుందని కాదు, ఇంట్లో కూరలు లేక. అల్లం అమ్మే కొండ మామ్మ దగ్గర ఆగాం. ఆ సంతలో ఎవరి చోటుకి వాళ్ళదొక రాయి ఉంటుంది. మనిషి రాకపోయినా రాయి ఉంటే చోటు ఉన్నట్టే. ఆ వేళకి ఎండుచేపల వర్తకుడొకడు ఆమె మీద కేకలేస్తున్నాడు.

"ఏటే ముసిలీ, బేగి జరుగు! బస్తాలు దింపాల."

"జరుగుతాను బాబూ, బుట్ట జరుగుతాది. రాయి జరగదు. మా అత్త ఎట్టింది అది."

"రాయి తియ్యకపోతే నేనెక్కడ కూకోవాల?"

"పక్కన కూకో. నాను పిలిసినప్పుడు నువ్వు అరవకు, నువ్వు పిలిసినప్పుడు నాను అరవను. కంపు మాత్రం అటేపు ఎట్టుకో."

సంత నవ్వింది. బావ నవ్వలేదు. నేను మాత్రం ఇంటికొచ్చి, ఆయన తెచ్చిన పంపకం కాగితం వెనక్కి తిప్పి పెన్సిలుతో రాశాను: ఇరవై మీటర్లకి ఎవరైనా రావచ్చు. ముందు వినాలి. ఒకరు మాట్లాడుతుంటే మీట ముట్టుకోకూడదు. నేను పక్కకి జరుగుతాను, దిగిపోను.

"సంతకం పెట్టండి బావా."

"పెట్టకపోతే?"

"రోజూ మధ్యాహ్నం నేనుంటాను. మీరు వినకుండా మొదలెడితే ఇద్దరి మాటా చెడుతుంది. నాకు అలవాటే, మీకే కష్టం."

కాగితం లాక్కుని చదివాడు. చివరికి సంతకం పెట్టి, "నీకు మీ అక్క పోలికే వచ్చిందిరా" అన్నాడు. వెళ్తూ వెళ్తూ వెదురు బొంగు ఎలా కాచాలో అడిగి తెలుసుకున్నాడు. ఆ తరవాత ఏ ఒక్కనాడూ నా మాట మీద మీట నొక్కలేదు. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఇరవై మీటర్ల మీద మొదటి మాట ఎవరిదని నలుగురిలో అడిగినప్పుడు, ఒక్కసారైనా నావైపు చెయ్యి చూపించలేదు.

నిన్న సంఘానికి ఉత్తరం రాశాను, ఇది మూడోది. ఈసారి రంగూన్ కార్డుకీ, పెన్సిలు కాగితానికీ ఫోటోలు తీయించి జతచేశాను. అసలువి ఇవ్వను. బావ పోయాడు, దొర ఏ దేశానికో పోయాడు, జీలుగు చెట్టు గాలివానకి పోయింది. కాలం నన్నూ కొండ మీంచి ఈ వీధిగది దాకా జరుపుకుంటూ వచ్చింది. బుట్టే జరిగింది, రాయి నేను తియ్యలేదు.