నూనె జాడీలో కందికట్టె

మా చిన్నతనంలో, కడపలో ఇంకా తెల్లదొరల పెత్తనం సాగుతున్న రోజుల్లో... మా జేజి ఎవరినీ నమ్మేది కాదు. జేజి అంటే నాయనమ్మ, మా సీమలో అట్లే పిలుస్తాం. పాలల్లో నీళ్లు, బియ్యంలో రాళ్లు, మనిషి మాటలో అబద్ధం... ఉండే ఉంటాయని ముందే తేల్చేసుకునేది.

చేలో పండిన శెనక్కాయలు వలిచి, గింజలు మూటగట్టి గానుగకు తీసుకుపోతే, ఆఖరి చుక్క దిగేదాకా అక్కడే గొంతుక్కూర్చునేది. "ఏమప్పా, ఆ ముంతలో ఏముండాది? మూత తియ్యి చూస్తా" అని గానుగాయన్ను సతాయించేది. పాపం, అందులో ఆయన తాగే నీళ్లే ఉండేవి.

ఇంటికొచ్చినాక జాడీలో కందికట్టె ముంచేది. నూనె ఎంతవరకు అంటిందో అక్కడ కత్తితో గాటు. వంటకు నూనె తీసేది ఆమే, కొత్త గాటు పెట్టేదీ ఆమే. ఆ కట్టె ఆమె దిండు కిందే ఉండేది.

మా ఇంట్లో ఆకుకూరలకు కొదవ లేదు. తోటకూర, చెంచలాకు, మునగాకు... అన్నీ ఉడకబెట్టి, ఉప్పూకారం వేసి మెత్తగా ఎనపడమే. పైన నూనె తిరగమోత మాత్రం మగవాళ్లు తినే గిన్నెకే. తరువాత పిల్లలం. కోడళ్ల వంతు వచ్చేసరికి కూర అడుగంటేది... సంగటి, పచ్చి మిరపకాయ కారం మిగిలేవి. అది తప్పని అప్పట్లో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

ఒకరోజు కట్టె ముంచితే నూనె గాటు దాకా అందలేదు!

"ఇంట్లో దొంగ ఉండాది" అంది జేజి. మొదట నన్నే పట్టుకుంది. చేతులు వాసన చూసింది, తల వాసన చూసింది. నా తల్లో ఆముదం తప్ప ఏమీ లేదని తేలాక, ఆమె చూపు మా చిన్నమ్మ మీదికి మళ్లింది.

చిన్నమ్మ మా చిన్నాయన భార్య. కొత్త కోడలు. అప్పుడు కడుపుతో ఉంది. పొద్దున్నుంచి గొడ్డులా పని చేసేది గానీ, పొద్దు గూకే వేళకు మాత్రం గోడకు ఆనుకుని కూర్చునేది. దీపం పెట్టమన్నా లేచేది కాదు. తలనొప్పి అనేది.

"రోజూ అదే యాళకు వచ్చే తలనొప్పి యాడన్నా ఉంటాదా? పగలు నూనె దొంగతనం, సందేళ పని దొంగతనం! బయటపడనీ... పుట్టింటికి తోలేస్తా, మళ్లా ఈ గడప తొక్కనియ్యను" అని జేజి నా చెవిలో గొణిగేది. చిన్నాయన తల్లి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. నాకు తలదువ్వి, జడలేసి, ముద్దు చేసే చిన్నమ్మ వెళ్లిపోతుందేమోనని నాకు అన్నం సయించేది కాదు.

శెనక్కాయ పీకే రోజులు వచ్చాయి. అందరం చేనికి పోయాం, చిన్నమ్మ ఇంట్లో ఉంది. మధ్యలో జేజి నా రెక్క పట్టుకుని, "రా, చూద్దాం పా" అని వెనక్కి లాక్కొచ్చింది. వాకిట్లో కాలు పెట్టామో లేదో, తెల్లగడ్డలు వేగుతున్న వాసన!

పొయ్యి మీద మూకుడు. మూకుట్లో నిగనిగలాడుతూ మునగాకు.

"దొరికినావా!" అంది జేజి.

చిన్నమ్మ ఆమె కాళ్ల మీద పడిపోయింది. "అత్తా, పొద్దు గూకితే నాకు కండ్లు కనపడవు. శానా దినాలైంది. గుడికాడికి వచ్చే మిషనాస్పత్రి నర్సమ్మను అడిగితే, ఆకుకూర బాగా తిను, రోంత నూనెలో వండుకో, ఒట్టిగా ఉడకబెడితే కంటికి పట్టదు అని చెప్పినాది. చూపు లేనిదాన్ని అంటగట్టినారని నన్ను తోలేస్తారని చెప్పలేదత్తా..."

"ఎవురికి చెప్తాండావు కతలు?" అంది జేజి. మూకుడు దించి పక్కన పెట్టేసింది. ఒక్క ముక్క నమ్మలేదు.

ఆ సాయంత్రం పొద్దు గూకగానే జేజి వాకిట్లో నడిమధ్యన నిలబడి, "నేనీడ ఉండానని చెప్పినావంటే చూడు" అని నా చెవిలో చెప్పింది. లోపలి నుంచి చిన్నమ్మను పిలవమంది. పిలిచాను. చిన్నమ్మ గోడ తడుముకుంటూ బయటికొచ్చింది. ఇంకా ఆకాశంలో వెలుతురుంది... నాకు జేజి ముక్కుపుడక కూడా కనబడుతోంది. చిన్నమ్మ నేరుగా నడిచొచ్చి ఆమెను గుద్దుకుంది. బెదిరిపోయి, చేతులు చాచి, జేజి మొహం తడుముతూ అడిగింది... "ఎవురూ?"

జేజి ఆ చేతులు పట్టుకుని, "నేనేలేమ్మా" అంది. కోడల్ని అమ్మా అని పిలవగా నేను వినడం అదే మొదలు.

మరుసటి రోజు నుంచి చిన్నమ్మ కూరలో నూనె జేజే పోసేది. అందరికంటే ముందు ఆమెకే పెట్టేది. అట్లని అనుమానం పోయిందా? ఎక్కడ పోతుంది! రోజూ సందెవేళ వాకిట్లో ఏదో ఒకటి పట్టుకుని, "ఇదేంది చెప్పు" అని అడిగేది. చిన్నమ్మ తెలియదని తల ఊపేది. అట్లా చాలా సందెలు గడిచాయి.

ఒకనాడు, "శెనక్కాయ అత్తా... పుచ్చుది" అంది చిన్నమ్మ.

"ఇంటి నిండా అవే కదా, అంచనాకు చెప్పింటావు" అని జేజి లోపలికి పోయి ఇంకోటి తెచ్చింది. "ఇది?"

చిన్నమ్మ చెయ్యి చాచి తడమకుండానే చెప్పింది. "నీ నూనె కట్టె అత్తా."

జేజి ఆ కట్టెను విరిచి పొయ్యిలో పెట్టేసింది.

ఇప్పుడు మా ఇంట్లో నూనె ప్యాకెట్ల మీద గుండె బొమ్మ ఉంటుంది. నేనూ జేజి పోలికే, ఆ బొమ్మను చచ్చినా నమ్మను, వెనక్కి తిప్పి కళ్లద్దాలు పెట్టుకుని చదువుతాను. మా మనవరాలు నవ్వుతుంది. గానుగ దగ్గర కాపలా కూర్చునేవాళ్లు పోయారు... కోడలి కళ్లలోకి రోజూ చూసేవాళ్లూ తగ్గారు.

మీ ఇండ్లలో అప్పట్లో నూనె జాడీ ఎవరి చేతిలో ఉండేది? ఆ నూనె ఎవరి కంచం దాకా వచ్చేది కాదు? మీ అమ్మనో, జేజినో అడిగి ఇక్కడ రాయండి... ఆమె ఉంటే.