కండక్టర్ తాత దొంగేడుపులు

మా వార్డులో కండక్టర్ తాత ఏడ్చినట్టు ఏడవడం ఎవరి వల్లా కాదు. నొప్పికి ఏడ్చేవాడు కాదు. సూది గుచ్చుతుంటే ఎవరి చెయ్యో అన్నట్టు చూసేవాడు. కానీ తలుపు దగ్గర ఓదార్పమ్మ చక్రాల చప్పుడు వినపడిందా, నోరంతా తెరిచి రాగం అందుకునేవాడు.

ఓదార్పమ్మ అంటే ఆస్పత్రివాళ్ళు తెప్పించిన మరమనిషి. నడుమెత్తు ఉంటుంది. మొహం ఉండాల్సిన చోట తెర, అందులో రెండు కళ్ళు, ఒక నవ్వు. మంచాల మధ్య తిరుగుతూ మొహాలు చూస్తుంది, మాటలు వింటుంది. ఎవరి బాధ ఎక్కువని తోస్తే వాళ్ళ దగ్గర ఆగి, "మీ బాధ నాకు అర్థమైంది" అంటుంది. తన వల్ల కాకపోతే నర్సమ్మకి కబురు పెడుతుంది. ఆవిడొచ్చి మత్తు సూది వేస్తుంది.

మాది ఇక నయం కాదని తేలినవాళ్ళ వార్డు. బడి మానేసినప్పటి నుంచి ఇక్కడ దుప్పట్లు మార్చడం నా పని. ఇంటికి వెళ్ళినవాళ్ళ దుప్పటి ఇంతవరకూ మార్చలేదు.

"గుండె బద్దలైపోయింది తల్లీ," అన్నాడు తాత ఒకసారి. ఓదార్పమ్మ వెంటనే గుండె పరీక్షకి చెప్పింది. "కడుపు తరుక్కుపోతోంది" అంటే అరగడానికి బిళ్ళ ఇమ్మంది. "తల కొట్టేసినట్టయింది" అంటే, మీ తల ఉన్నచోటే ఉందని ధైర్యం చెప్పింది. ఇలా ఒంటి జబ్బులు వెతుక్కుంటూ అది పూటంతా ఆయన మంచం దగ్గరే ఉండిపోయేది.

నర్సమ్మ పరిగెత్తుకొచ్చేది. "ఇంతకీ దేనికయ్యా ఏడుపు?"

"టీ చల్లారిపోయిందమ్మా."

"మరి నిన్న?"

"నిన్న నాలిక కాలింది."

"ముసలాడికి ఆ బొమ్మ మీద మనసైంది," అని ఎదుటి మంచం మేస్త్రీ నవ్వేవాడు. "కుదిరితే మూడు ముళ్ళూ వేసేసేలా ఉన్నాడు."

చివరికి నర్సమ్మ విసిగిపోయి మెకానిక్‌ని పిలిపించింది. ఏడవడం ఈయన మామూలు స్వభావమని అతను ఓదార్పమ్మకి నేర్పించి వెళ్ళాడు. మర్నాడు తాత ఎంత గొంతు చించుకున్నా అది ఒకసారి చూసి, "తాతగారు మామూలుగానే ఉన్నారు," అనేసి వెళ్ళిపోయింది. వార్డంతా పడీపడీ నవ్వారు. తాత మొహం మాత్రం పాలిపోయింది. ఆయన చూస్తున్నది ఓదార్పమ్మని కాదు, పక్క మంచాన్ని.

ఆ మంచం దర్జీ బాబాయిది. ఆయన కూతురు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఆదివారం తప్ప రావడానికి లేదు. ఇక్కడ చేరాక మొదటి ఆదివారం, కూతురు వస్తుందని బాబాయి పొద్దున్నుంచీ ఏడుస్తూ కూర్చున్నాడు. ఓదార్పమ్మ చూసింది, నర్సమ్మ సూది వేసింది. పిల్ల వచ్చి, నిద్రపోతున్న నాన్న చెయ్యి పట్టుకుని కూర్చుని, చూడ్డానికొచ్చినవాళ్ళు వెళ్ళే గంట కొట్టగానే లేచింది. "నా గొంతు నాన్నకి వినపడి ఉంటుందా అక్కా?" అని అడిగింది. ఉంటుందన్నాను.

తాత ఏడుపు మొదలైంది ఆ మర్నాడే, ఓదార్పమ్మ తన దగ్గరే ఉండిపోతే బాబాయికి సూది పడదని. ఆదివారం ఒక్కరోజే ఏడిస్తే పట్టుబడిపోతానని రోజూ ఏడ్చేవాడు. అప్పటినుంచి తండ్రీకూతుళ్ళు ప్రతి ఆదివారమూ మాట్లాడుకున్నారు. తాత పక్క మంచం వైపు చూసిన చూపుతోనే ఆ సంగతి నాకు తట్టింది.

మళ్ళీ ఆదివారం వచ్చింది. బాబాయి బాగా నీరసించిపోయాడు. ఇంకో ఆదివారం చూసేలా లేడు. దుప్పటి మొహం మీదికి లాక్కుని, "ఆగడం లేదు తాతా," అన్నాడు.

"నువ్వు కానియ్యి," అన్నాడు తాత.

చక్రాల చప్పుడు వినపడింది. తాత నోరు తెరవలేదు. చేతులు కట్టుకుని, కప్పుకేసి చూస్తూ, కిక్కురుమనకుండా పడుకున్నాడు. ఓదార్పమ్మ బాబాయి వైపు తిరగబోయి ఆగింది. వెనక్కి వచ్చింది.

"తాతగారూ, మీరు ఏడవడం లేదు. ఏమైంది?"

తాత పలకలేదు. తెర మీద నవ్వు మాయమైంది. ఒంట్లో ఎలా ఉందని అడిగింది, నీళ్ళు కావాలా అంది, చివరికి నర్సమ్మకి కబురు పెట్టింది. నర్సమ్మ వచ్చి ఎన్ని అడిగినా తాత ఉలకలేదు. సూది తీసేసరికి మాత్రం తనే చెయ్యి చాపాడు. మత్తులో పడుకున్న ఆయనకి ఓదార్పమ్మ సాయంత్రం దాకా కాపలా కాసింది. పక్క మంచం మీద బాబాయి తన కూతురి జడ విప్పి మళ్ళీ అల్లాడు. ఏడుస్తూనే అల్లాడు. ఆ పిల్ల వాగుతూనే ఉంది.

బాబాయి ఆ వారంలోనే పోయాడు. నేను ఆయన దుప్పటి తీస్తుంటే కండక్టర్ తాత గోడవైపు తిరిగి ఏడుస్తున్నాడు. ఈసారి రాగం లేదు. భుజాలు కదులుతున్నాయంతే. ఓదార్పమ్మ వచ్చి చూసింది. "తాతగారు మామూలుగానే ఉన్నారు," అని వెళ్ళిపోయింది.

తాత ముక్కు తుడుచుకుంటూ ఇటు తిరిగాడు. నేను దుప్పటి గుండెలకి పట్టుకుని నిలబడ్డాను.

ఆయన కాళ్ళు ముడుచుకుని జరిగాడు.

"అక్కడెందుకమ్మాయ్ నిలబడతావు? ఇక్కడ ఖాళీ ఉంది. కూర్చుని ఏడువు. అది ఇక్కడ ఆగదు."